అర ఇంటి అద్దె

గోవన్, గ్లాస్గో
ఫిబ్రవరి, 1994

ఇష్బెల్ వదినకు,

నువ్వు పంపిన గుడ్లు చేరాయి. దారిలో పగిలినవి ఫిన్లే అట్టు వేసుకు తిన్నాడు. పగలనివి కూడా వాడే తిన్నాడు. నీ కొడుకు ఆకలికి మేనత్త ఇంట్లో ఏ లోటూ లేదని అన్నయ్యకు చెప్పు.

కవరు మీద మళ్ళీ 1/2 అనే రాశావు. ఏళ్ళ తరబడి చెబుతున్నాను వదినా, నాది 2/1. రెండో అంతస్తు, మొదటి తలుపు. నువ్వు రాసేది మొదటి అంతస్తు, రెండో తలుపు. అది కింద ఉండే క్రోంబీ గారి ఇల్లు. మన పోస్ట్‌మన్ నా పేరు చూసి పైకి తెచ్చిస్తున్నాడు కాబట్టి సరిపోతోంది. మీ టైరీ దీవిలో ఇళ్ళకు నంబర్లే ఉండవుగా, పెట్టినా మీ గాలికి ఎగిరిపోతాయి.

ఒకటి బై రెండు అంటే అర కదా. అందుకే ఆయనకు అరమనిషి అని పేరు పెట్టుకున్నాను. పేరుకు తగ్గవాడే. మా మెట్ల దారిలో తిరిగే అట్ట నువ్వూ చూశావు, 'మెట్లు కడిగే వంతు మీది' అని రాసి దారం కట్టి ఉంటుంది. తన వంతు కడిగినవాళ్ళు దాన్ని తరువాతి వాళ్ళ తలుపు పిడికి తగిలించాలి. అరమనిషి ఏం చేస్తాడంటే, తడిగుడ్డ ఒకటి మెట్లకు చూపించి, తెల్లారకముందే అట్ట తెచ్చి నా పిడికి తగిలించి పోతాడు. నేను తీసుకెళ్ళి మళ్ళీ ఆయన పిడికే తగిలిస్తాను. ఇలా ఆ అట్ట వారానికి నాలుగుసార్లు మెట్లెక్కి దిగుతుంది. మెట్లు మాత్రం మురికిగానే ఉంటాయి.

ఇక అసలు కబురు. హౌసింగ్ ఆఫీసులో నీలాంటి గుమాస్తా ఎవరో కొత్తగా చేరినట్టుంది. అరమనిషికి రాసిన కవరు మీద నా నంబరు వేసి పంపారు. పేరు చూడకుండా తెరిచానని అందరికీ చెబుతున్నాను. నీకు నిజం చెబుతాను, చూశాను. కెటిల్ ఆవిరి దగ్గర పెడితే అదే విచ్చుకుంది. ఆయన అద్దె బాకీ వదినా! క్రిస్మస్‌కు ముందు నుంచీ కట్టలేదు. చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే మనిషి!

అంటించి ఆయన తలుపు కిందనుంచి తోస్తుండగా తలుపు తెరుచుకుంది.

"మిసెస్ ర్యాంకిన్, ఈ కవరేంటి తడిగా ఉంది?"

"వాన పడుతోందిగా క్రోంబీ గారూ."

"మెట్ల మీదా?"

"మీరెలాగూ కడగరు కదా, వానైనా కడగాలి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చదివేశానని ఆయనకు తెలిసిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నీ మరదలు,
ఎఫీ

---

టైరీ దీవి
మార్చి మొదటివారం

ఎఫీకి,

పరాయివాళ్ళ కవరుకు ఆవిరి పట్టించడం పాపం. ఆదివారం ప్రార్థనలో నీకోసం ప్రత్యేకంగా కళ్ళు మూసుకున్నాను. ఇంతకీ ఎంత బాకీట? సగం చెప్పి ఊరుకోవడం అంతకన్నా పెద్ద పాపం.

నంబరు గురించి నాకు పాఠం చెప్పకు. ఉత్తరం చేరుతోందా లేదా? నా గుర్తు నాకుంది. ఒక మనిషి, రెండు గదులు, అందుకే 1/2. ఇప్పుడు ఫిన్లే కూడా ఉన్నాడు కాబట్టి ఇద్దరనుకో, అయినా అలవాటైన చెయ్యి మారదు.

ఫిన్లే నీకు తిండి ఖర్చు వారం వారం ఇస్తున్నానని ఫోన్లో చెప్పాడు. విని మీ అన్నయ్య పేపరు కిందికి దించాడు. ఆయన పేపరు దించాడంటే పొగిడినట్టే. బిస్కెట్ ఫ్యాక్టరీలో మా వాడు త్వరలో పెద్ద పనిలోకి వెళతాడని ఇక్కడ అందరికీ చెప్పాను. వాడిని లోపల ఉన్ని బనీను వేసుకోమను.

నా పొయ్యి మళ్ళీ మొరాయించింది. రొట్టె ఒక పక్క మాడుతోంది, మరో పక్క పచ్చిగా ఉంటోంది. కొత్త పొయ్యికి డబ్బు దాదాపు కూడింది. వేసవిలో కొంటాను. మీ అన్నయ్యకు చెప్పలేదు, చెబితే పడవకు రంగు కావాలంటాడు.

ఇష్బెల్

---

గోవన్
మార్చి నెలాఖరు

వదినా,

నా వంటింటి కిటికీ సరిగ్గా పడటం లేదు. దాని గురించి చెబుదామని మొన్న హౌసింగ్ ఆఫీసుకు వెళ్ళాను. వరసలో నా ముందు ఎవరున్నారనుకున్నావ్? టోపీ కళ్ళ మీదికి లాక్కుని అరమనిషి!

"ఏంటి క్రోంబీ గారూ, ఇలా వచ్చారు?"

"కుళాయి కారుతోంది మిసెస్ ర్యాంకిన్. మీరు?"

"కిటికీ."

"అట్లాగా. కిటికీలకి పక్క వరస కదా?"

"కుళాయిలకీ పక్క వరసే."

అంతే, ఇద్దరం గోడ మీద అతికించిన పోస్టర్లు చదువుతూ నిలబడ్డాం. ఎలకల మందు గురించి ఆయనకూ నాకూ ఇప్పుడు తెలియనిది లేదు. మిస్ లోగన్ అని కొత్తగా వచ్చిన అమ్మాయి, మర్యాదస్తురాలు, ముందు ఆయన్ని లోపలికి పిలిచింది. ఆయన బయటికొచ్చినప్పుడు ముఖం చూస్తే ఆ కుళాయి ఇప్పట్లో ఆగేలా లేదు. తరువాత నన్ను పిలిచింది. నేను బయటికొచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే బూటు లేసు కట్టుకుంటూ ఉన్నాడు. ఒక లేసు కట్టుకోవడానికి అంతసేపు పడుతుందా?

ఫిన్లే బాగున్నాడు. ఎర్ర మోటారు సైకిలు కొన్నాడు. నీకు చెప్పలేదా? అయితే నేనూ చెప్పలేదు.

ఈస్టర్‌కు రాలేను. ఒంట్లో నలతగా ఉంది.

ఎఫీ

---

టైరీ
ఏప్రిల్

ఎఫీ,

నీ ఒంట్లో ఎప్పుడూ నలత ఉండదు. పెళ్ళిలో జ్వరంతో కూడా డాన్సు చేసిన మనిషివి. ఈస్టర్‌కు రానంటే పడవ టిక్కెట్టుకు డబ్బు లేదన్నమాట.

పైగా కిటికీ అంటున్నావు. నీ వంటింటి కిటికీ మా పెళ్ళి నాటి నుంచీ పడదు. కత్తి దూర్చి మూయడం నాకు నేర్పిందే నువ్వు. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడు దానికోసం వరసలో నిలబడ్డావా? అరమనిషి బూటు లేసు సంగతి అంత బాగా పట్టేశావు, నీ లేసు సంగతి నాకు తెలియదనుకున్నావా?

ఫిన్లే బండి కొన్నాడా! నీకు ఖర్చు ఇచ్చుకుంటూనే బండి కొన్నాడంటే ఎంత పొదుపరో చూడు. నువ్వు వాడిని చూసి నేర్చుకోవాలి.

నీకు ఎంత బాకీ ఉంది? అబద్ధం రాయకు. నువ్వు అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు చక్కగా వస్తాయి.

ఇష్బెల్

---

గోవన్
ఏప్రిల్ చివర

వదినా,

సరే. ఉంది. క్రోంబీ కంటే కొంచెం ఎక్కువే.

బింగో వల్ల. ఈ చలికాలం కొంచెం ఎక్కువగా ఆడాను. పోగొట్టుకున్నాను. అంతే, ఇక ఏం అడగకు.

మిస్ లోగన్ బాగానే మాట్లాడింది. "మిసెస్ ర్యాంకిన్, మాకూ ఇష్టముండదండీ, కానీ కట్టకపోతే జూలైలో ఫైలు కోర్టుకెళుతుంది. ఆ తరువాత నా చేతిలో ఏమీ ఉండదు" అంది. కోర్టు తరువాత ఏముంటుందో అడగలేదు. మా వీధి చివర ఒకావిడ సామాన్లు పేవ్‌మెంట్ మీద పెట్టినప్పుడు నేనే వెళ్ళి టీ ఇచ్చి వచ్చాను.

భయంగా ఉంది వదినా. పెళ్ళయి వచ్చింది ఈ ఇంటికే. మా ఆయన జిమ్మీ పోయింది ఈ ఇంట్లోనే. వంటింట్లో ఆయన కొట్టిన అల్మరా ఉంది, దాన్ని పీకితే గోడ కూడా వస్తుంది. దాన్ని తీసుకుని ఎక్కడికి పోను?

అన్నయ్యకు చెప్పకు.

ఎఫీ

---

టైరీ
మే

ఎఫీకి,

బింగో! నీకు తెలివుందా? నంబర్లు అరిచే హాల్లో అద్దె తగలేసి వచ్చి ఇప్పుడు అల్మరా పట్టుకుని ఏడుస్తావా? జిమ్మీ ఉంటే ఆ అల్మరాలోనే నిన్ను పెట్టి తాళం వేసేవాడు. ఇంట్లో మా వాడి డబ్బు కూడా వస్తోంది కదా, అదీ ఆ హాల్లోనే పోసి వచ్చావా?

మా దగ్గర చిల్లిగవ్వ లేదు. ముందే చెబుతున్నాను. పొయ్యి డబ్బు పొయ్యికే. నీ తప్పుకు నువ్వే దారి చూసుకో.

అయితే మూర్ఖుల్ని కూడా దేవుడు వదిలేయడు. వచ్చే నెల ఆఫీసుకు వెళ్ళినప్పుడు కాస్త ముఖం కడుక్కుని వెళ్ళు, మంచి కబురు వినాల్సి రావచ్చు. అంతకు మించి నేనేమీ చెప్పను.

ఇష్బెల్

---

గోవన్
జూన్

వదినా,

దేవుడి సంగతి తరువాత. అరమనిషికి పిచ్చెక్కింది.

పోయిన సోమవారం పొద్దున్నే చప్పుడైతే తలుపు తీశాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు తోముతున్నాడు. ఆయన వంతు కాదు, నాది! అట్ట నా పిడికే ఉంది. "మీ వంతు నేను చేస్తాన్లెండి" అన్నాడు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి నవ్వుతూ అన్నాడు. నేను భయపడి తలుపేసుకున్నాను.

మర్నాడు కాగితంలో చుట్టిన పొగచేపలు. ఆ తరువాత నా కత్తులన్నీ పట్టుకుపోయి సాన పెట్టి తెచ్చాడు. నిన్న వంటింటి కిటికీకి చిత్రిక పట్టాడు. షిప్‌యార్డులో వడ్రంగి పని చేసిన చెయ్యి కదా, ఇప్పుడది ఒక్క వేలితో పడుతోంది. నీ కొడుకు దాన్ని పది సార్లు పైకీ కిందికీ లాగి చూశాడు.

"ఏంటండీ ఇదంతా?" అని అడిగితే, "మీరు చేసింది మీరు చెప్పుకోరు, నేను చేసేది నేను చెప్పుకోను" అని గబగబా కిందికి దిగిపోయాడు. నేనేం చేశాను వదినా? ఆయన కవరుకు ఆవిరి పట్టించడం తప్ప? పెళ్ళి మాటేమన్నా ఎత్తుతాడేమోనని జుట్టు దువ్వుకోకుండా తిరుగుతున్నాను.

నువ్వు చెప్పినట్టే ముఖం కడుక్కుని ఆఫీసుకు వెళ్ళాను. మంచి కబురేమీ లేదు. నా బాకీ అలాగే ఉంది. పైగా కోర్టు నోటీసు చేతికిచ్చారు, జూలై ఆఖరి శుక్రవారం. మిస్ లోగన్ నా కళ్ళలోకి చూడలేదు.

ఎఫీ

---

టైరీ
జూన్, అదే రోజు టపాకు

ఎఫీ!

అలాగే ఉండటమేమిటి? కట్టేశాను కదా! పొయ్యి డబ్బంతా కట్టాను! నీకు తెలిస్తే అభిమానంతో తిప్పి పంపుతావని, మీ అన్నయ్యకు తెలిస్తే పడవ గొడవ వస్తుందని, పేరు రాయకుండా హౌసింగ్ ఆఫీసుకు మనీ ఆర్డరు పంపాను. వీధి రాశాను, మెట్ల దారి నంబరు రాశాను, ఇల్లు రాశాను. 1/2 అని స్పష్టంగా రాశాను!

వాళ్ళను వెంటనే అడుగు.

ఇష్బెల్

---

గోవన్
జూన్

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. కుర్చీలోంచి జారేంత నవ్వాను. తరువాత ఏడ్చాను. నీ పొయ్యి డబ్బు వదినా! మాడిన రొట్టె తింటూ నా ఇల్లు నిలబెట్టాలనుకున్నావు. నిన్ను తిట్టాలో, వచ్చి కాళ్ళు పట్టుకోవాలో తెలియడం లేదు.

ఎంచక్కా అరమనిషి బాకీ తీర్చావు. ఎవరో ఆడమనిషి చేతిరాతతో, పేరు లేకుండా డబ్బొచ్చిందని ఆఫీసువాళ్ళు ఆయనకు చెప్పి ఉంటారు. ఆయన బాకీ సంగతి తెలిసిన ఆడమనిషి ఈ వీధిలో నేనొక్కదాన్నే. ఆ ఆవిరి కవరు పుణ్యం! అందుకే ఆ మెట్లు, ఆ చేపలు, ఆ కిటికీ. నీ పొయ్యి అక్కడ మండుతోంది వదినా.

నిన్న చెప్పేద్దామనే దిగాను. తలుపు తీసి నన్ను లోపల కూర్చోబెట్టాడు. భార్య పోయాక ఎవరినీ రానివ్వని గది. టీ పోసి, కప్పు ఇస్తూ నేల చూపులు చూస్తూ అన్నాడు:

"మిసెస్ ర్యాంకిన్, నేనెవర్నీ ఏదీ అడిగే మనిషిని కాను. అడక్కుండానే ఒకళ్ళు చూసుకున్నారు. ఇంక జన్మలో మీ తలుపుకి ఆ అట్ట తగిలించను."

ఒక కప్పు ఉప్పు అప్పడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో ఉప్పు బోలెడుంది.

నిజానికి ఆ వయసులో పని లేనివాళ్ళ అద్దెకు ప్రభుత్వం సాయం చేస్తుంది. వీధిలో అందరూ తీసుకుంటున్నారు. ఈయనకు మాత్రం అది అడుక్కోవడంలా ఉంటుంది, అందుకే బాకీ పడ్డాడు. ఇప్పుడు వెళ్ళి అది మీ కోసం వచ్చిన డబ్బు కాదు, మా వదినకు నంబర్లు రావు అని చెబితే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతాడు. నేను చెప్పలేను. ఏదైతే అదే అవుతుంది.

ఎఫీ

---

టైరీ
జూలై

ఎఫీకి,

ఏదైతే అదే అవుతుందా? ఏమవుతుందో నేను చెబుతాను. శుక్రవారం కోర్టు, మరునాడు పేవ్‌మెంట్, ఆ మరునాడు అల్మరా నెత్తిన పెట్టుకుని మా దీవి పడవ దిగుతావు. ఇక్కడ మీ అన్నయ్య గురకకు పక్క గదిలో పడుకోగలవా?

వెళ్ళి ఆ డబ్బు అడుగు! సాయం తీసుకోవడానికి నామోషీ పడి బాకీ పెట్టినవాడు నిజంగానే అరమనిషి. ముసలి అహంకారానికి నా పొయ్యి బలి కావాలా? తనకు న్యాయంగా రావలసింది తను తీసుకోడు, మెట్లు తోమి గొప్పవాడవుతాడట. నువ్వేమో బింగోలో పోసి వచ్చి ఇప్పుడు దయామయివి అయిపోయావు. మా ఫిన్లేని చూసి సిగ్గు తెచ్చుకో, చిన్నవాడైనా వారం వారం నీ చేతిలో డబ్బు పెడుతున్నాడు.

నువ్వు అడగకపోతే నేనే వచ్చి అడుగుతాను.

ఇకమీదట కవరు మీద నంబరు సరిగ్గానే రాస్తాను. ప్రమాణం.

ఇష్బెల్

---

1/2, గోవన్
జూలై, ఫెయిర్ సెలవుల్లో

ఇష్బెల్ గారికి నమస్కారం.

నన్ను మీరు చూడలేదు. నా పేరు డంకన్ క్రోంబీ. మీ భాషలో అరమనిషిని.

అలవాటైన చెయ్యి మారదంటారు కదా, మీరు కవరు మీద మళ్ళీ నా ఇంటి నంబరే వేశారు. జూలైలో ఊరంతా తీసుకునే ఫెయిర్ సెలవులకు మా పోస్ట్‌మన్ వెళ్ళాడు. బదులు వచ్చిన కుర్రాడు పేరు చూడకుండా నంబరు చూసి నా తలుపులో వేశాడు. పేరు నేను చూశాను. పైకి తీసుకెళ్ళి ఇచ్చే ఉద్దేశంతోనే కెటిల్ పెట్టాను. ఫిబ్రవరి నుంచీ ఆవిడకు ఒకటి బాకీ ఉన్నాను, అది తీర్చుకోవాలని అనిపించింది. నన్ను క్షమించండి, లేదా క్షమించకండి.

చదివాను. అంత డబ్బు నాకెవరు ఇస్తారని ఒక్కసారన్నా అనుకోలేదు చూశారా. మీరు అన్న మాటలన్నీ నిజమే. ఈ వయసులో నా ముఖం మీద ఎవరూ అనరు, కవరులో కాబట్టి అన్నారు. మర్నాడే వెళ్ళి నాకు రావలసిన సాయానికి దరఖాస్తు పెట్టాను. ఆ అమ్మాయి మిస్ లోగన్, "ఇంతకాలం ఎందుకు రాలేదండీ?" అంది. "కుళాయి కారుతోంది" అన్నాను.

ఆ డబ్బు మీదేనని, పై ఇంటికి చేరాలని చెప్పాను. పంపినవాళ్ళు ఒక ముక్క రాసిస్తే మార్చేస్తామన్నారు. 'రెండు బై ఒకటి' అని అక్షరాల్లో రాయండి, అంకెలు వద్దు. శుక్రవారానికి ముందు చేరాలి. నా బాకీ నాది, వారానికి ఇంత అని కట్టుకుంటాను.

ఇక ఒక విషయంలో మాత్రం మీ మాట తప్పు. మీ మరదలు చలికాలం అంతా బింగో హాలు గడప తొక్కలేదు. నాకు తెలుసు, ఆవిడ ఎక్కే ప్రతి మెట్టూ నా తలుపు ముందు నుంచే ఎక్కుతుంది. మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడని ఆవిడే నిజాయితీగా ఆఫీసులో చెప్పింది, బూటు లేసు కట్టుకుంటూ విన్నాను. సంపాదించే మనిషి ఇంట్లో ఉంటే అద్దె సాయం కోసేస్తారు. ఆ తేడా అతను ఇవ్వాలి. అతను ఇచ్చింది నేను చూడలేదు, బండి మాత్రం రోజూ చూస్తున్నాను, నా కిటికీ కిందే పెడతాడు. ఒక రోజు నేను అడిగితే, "అత్త ఏం అనలేదే" అన్నాడు. చెడ్డ పిల్లవాడు కాదు, అడగనిది ఇవ్వాలని తెలియనివాడు. మీరు అతని గురించి గొప్పగా రాస్తారని, ఆ మాట చెరపడం ఇష్టం లేక ఆవిడ నింద తన మీద వేసుకుంది.

నేను చదివానని ఆవిడకు చెప్పకండి. కవరు మళ్ళీ అంటించి పై తలుపు కింద తోస్తున్నాను.

డంకన్ క్రోంబీ

---

టైరీ
జూలై

ఎఫీ,

ఆఫీసుకు ఉత్తరం రాశాను. అక్షరాల్లో రాశాను. మీ అన్నయ్య పక్కన కూర్చుని రెండుసార్లు చదివి చూశాడు. అవును, ఆయనకు చెప్పేశాను. పడవ గురించి ఒక్క మాట అనలేదు. పేపరు మడిచి అవతల పెట్టి, "మన ఎఫీ" అని మాత్రం అన్నాడు.

బింగో అని ఎందుకు రాశావే? నీ అక్షరాలు చక్కగా ఉన్నాయి ఆ ఉత్తరంలో. చూసి కూడా గుర్తుపట్టలేదు నేను. నా కొడుకు గొప్ప నా కళ్ళకు అడ్డమైంది. నువ్వు వాడికి అన్నం పెట్టి, వాడి తప్పు నెత్తిన వేసుకుని, నా చేత తిట్లు కూడా తిన్నావు. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకన్నా రాయడం చేతకాదు.

ఎవరు చెప్పారని అడగకు. ఫిన్లేతో ఫోన్లో మాట్లాడాను. మాట్లాడింది నేనే, వాడు వినడమే.

ఇష్బెల్

---

గోవన్
ఆగస్టు

ఇష్బెల్ వదినకు,

కోర్టు లేదు. మిస్ లోగన్ తానే మెట్లెక్కి వచ్చి చెప్పింది. రెండు కప్పుల టీ తాగి, అల్మరా బాగుందని మెచ్చుకుంది. ఇంకా కొంచెం మిగిలింది, అది ఫిన్లే ఇస్తాడట. మొన్న ఎర్రబడ్డ ముఖంతో వచ్చి బల్ల మీద డబ్బు పెట్టి, "అత్తా, నువ్వడగొచ్చు కదా!" అన్నాడు. "నువ్వివ్వొచ్చు కదరా!" అన్నాను. ఇద్దరం కాసేపు కిటికీని పైకీ కిందికీ లాగాం. బండి అమ్మేశాడు. సైకిలు కొన్నాడు, అదీ ఎర్రదే. నీ పొయ్యికి వాడూ నేనూ కలిపి ఇస్తాం, ఎంత ఆలస్యమైనా ఇస్తాం. అప్పటిదాకా మాడిన వైపు అన్నయ్యకు పెట్టు.

ఎవరు చెప్పారని అడగవద్దన్నావు, అడగను. నువ్వు ఇక్కడికి రాసిన ఆ నిప్పుల ఉత్తరం కవరు తెరవబోతే తెరుచుకోలేదు. వడ్రంగి బంకతో అంటించారు. చివరికి సాన పెట్టిన కత్తితో కోయాల్సి వచ్చింది. సాన పెట్టిందెవరో, అంటించిందెవరో నాకు చెప్పాలా?

ఆయనకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. లేదా తెలుసేమో. ఎదురుపడితే వాన గురించి మాట్లాడుకుంటున్నాం. కానీ ఈ రెండు వారాలూ నా ప్రాణం బాగాలేదు వదినా. మెట్లు ఆయన తోమడం మానేశాడు, అట్ట కూడా ఎక్కడా కనబడలేదు. డబ్బు నాది కాదని తెలిసి నా ముఖం చూడలేకపోతున్నాడేమో, ఇక ఆ తలుపు మూసేసినట్టేనేమో అని బాధపడ్డాను. అవును, బాధపడ్డాను. నవ్వితే నవ్వుకో.

ఇవాళ పొద్దున తలుపు తీశాను. నా పిడికి అట్ట వేలాడుతోంది. మెట్లు కడిగే వంతు మీది. నేను నిన్ననే కడిగాను! చీపురు పట్టుకునే కిందికి దిగి ఆయన తలుపు దబదబా బాదాను.

"జన్మలో తగిలించనన్నారు!"

"అప్పుడు మీకు రుణపడి ఉన్నాననుకున్నా మిసెస్ ర్యాంకిన్. ఇప్పుడు ఎవరి బాకీ వాళ్ళదే. కడగండి."

"మీరు అరమనిషి!"

"విన్నాను. చదివాను కూడా."

తలుపేసేశాడు. నేను మూడు అంతస్తుల మెట్లూ కడిగాను వదినా, ఆయన వంతుతో సహా. ఏడుస్తూ, నవ్వుతూ, పాడుకుంటూ కడిగాను. కడిగాక అట్ట తీసుకెళ్ళి ఆయన పిడికి ముడివేసి వచ్చాను.

గుడ్లు పంపు. కవరు మీద మాత్రం ఎప్పటిలా అర అనే రాయి, నీ ప్రమాణం సంగతి దేవుడు చూసుకుంటాడు. మన పోస్ట్‌మన్ సెలవు నుంచి వచ్చాడు కానీ, నీ ఉత్తరాలు ఇక పైకి తేవద్దని చెప్పాను. కింద తలుపులోనే వేయమన్నాను. పైకి తెచ్చివ్వడానికి అక్కడ మనిషున్నాడు.

నీ మరదలు,
ఎఫీ